ఉతుక్కోని రాపో

పీనుగకు కప్పే గుడ్డ కోసం వచ్చేవాళ్ళు మా అంగట్లో బేరమాడరు. రంగు చూడరు, అంచు చూడరు, మెట్టెక్కి లోపలికి కూడా రారు. వీధిలోనే నిలబడి "ఏదో ఒకటి ఇయ్యమ్మా" అంటారు. నాయనకు మోకాళ్ళు పట్టేసినప్పటి నుంచి గల్లా దగ్గర నేనే కూర్చుంటున్నాను కాబట్టి ఆ మాట నాకు అలవాటే. ఆ ఎండాకాలం మధ్యాహ్నం కూడా ఒకాయన అట్లాగే వచ్చి, తలమీద తుండుగుడ్డ వేసుకుని మెట్టు కింద నిలబడ్డాడు.

"ముసిలామెకమ్మా. పెండ్లి కాని మనిషి. ఎర్రది వద్దు, లేతరంగు ఏదైనా ఇయ్యి."

"ఎవురన్నా పోయింది?"

"మా మేనత్త. ఆడబిడ్డల హైస్కూల్లో కుట్టుపని నేర్పిస్తా ఉన్నింది. రిటైరయి శానా దినాలయింది. నీకు తెలిసుండదులే."

తెలిసుండదట! చిత్తూరులో నీలం పావడ కట్టి ఆ స్కూలు గేటు దాటిన ఏ ఆడమనిషినైనా ఆపి అడగండి, ఆమె తెలియనిది ఎవరికో చెప్పమనండి. చేతిలోని మీటరు కడ్డీ పక్కన పెట్టేశాను. తర్వాత లేచి ఆయనకు ఒక గోధుమరంగు చీర ఇచ్చి పంపాను. నా తరఫున కప్పడానికి ఇంకొకటి తీశాను, సన్నంచు లేతనీలం నూలుచీర. తీశానే గానీ, దాన్ని చంకలో పెట్టుకుని నేరుగా చావింటికి పోవడానికి నాకు ధైర్యం చాల్లేదు. ముందు దాన్ని ఉతకాలి. ఉతకని కొత్తగుడ్డతో ఆమె ముందుకు పోవడం ఎట్లా ఉంటుందో నాకు ఆరో తరగతి మొదటిరోజే తెలుసు.

ఆమె పేరు పలకడానికి మాకెవ్వరికీ నోరు తిరిగేది కాదు. కుట్టు టీచరు అనేవాళ్ళం. వారంలో కాసిని పీరియడ్లు కాజాలు కుట్టడం, అంచు మడవడం నేర్పించేది. మిగతా టీచర్లకు అది ఒక పనిలాగా కనపడలేదేమో, గేటు దగ్గర యూనిఫారం చూసే డ్యూటీ ఆమెకు అప్పజెప్పారు. ఆమె దాన్ని డ్యూటీ అనుకోలేదు. మొదటి గంట కొట్టకముందే వచ్చి, గొడుగు మోచేతికి తగిలించుకుని, బుగ్గన లవంగం పెట్టుకుని గేటుకు ఒక పక్కగా నిలబడేది. చేతి గాజుకు పిన్నీసుల గుత్తి వేలాడుతూ ఉండేది. చేయి ఎత్తినప్పుడల్లా అవి గలగలమనేవి. ఆ చప్పుడు వింటే చాలు, మేం ఓణీలు సర్దుకునేవాళ్ళం.

నేను ఆరో తరగతిలో చేరినరోజు నాయన మా అంగట్లో ఉన్న వాటిల్లోకెల్లా మంచి టెర్రికాట్ తానులోంచి పావడగుడ్డ చించి ఇచ్చాడు. బజారువీధి టైలరు మడతలన్నీ కత్తుల్లాగా నిలబెట్టి కుట్టాడు. నేను ఎగురుకుంటూ పోయాను. ఆమె నన్ను ఆపి, పావడ కొసను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపింది. అంగడి గంజి తెల్లగా రాలింది.

"ఎవురి బిడ్డవు?"

"బజారువీధి గుడ్డలంగడి టీచర్."

"అదీ సంగతి. ఉతుక్కోని రాపో."

"కొత్తది టీచర్!"

"కొత్తదనే చెప్తా ఉండా. ఆ ఎనకాల బిడ్డను సూడు. దాని పావడ వాళ్ళక్క కట్టి ఇడిసింది. నువ్వు ఇట్ల తళతళలాడతా పోయి దాని పక్కన కూసుంటే, అది బోర్డు సూస్తాదా, నీ పావడ సూస్తాదా? ఉతుక్కోని రాపో."

ఏడ్చుకుంటూ ఇంటికి పోయాను. అమ్మ ఉతికింది. మర్నాడు ఆమె మళ్ళీ నలిపి చూసి, "ఇంగా మెరుస్తా ఉండాది. సౌడుమట్టి ఏసి ఉతకమను మీ అమ్మను" అంది. నాయన గల్లా దగ్గర ఎగిరెగిరి పడ్డాడు. "రంగు పోదు అని ఒట్టేసి అమ్మేవాణ్ణి నేను. నా బిడ్డ గుడ్డకు రంగు పోగొట్టాల్నా!" అని. తమాషా ఏమిటంటే, ఆ వారంలోనే కాస్త ఉన్న ఇళ్ళ తల్లులు మా అంగడికి వచ్చి "అన్నా, రెండు ఉతుకులకే బిన్నా వెలిసిపొయ్యే నీలంగుడ్డ ఉండాదా?" అని అడగడం మొదలుపెట్టారు. అంగడి పెట్టి ఇన్నేళ్ళలో ఇట్లాంటి మాట విని ఎరగనని నాయన నెత్తి కొట్టుకున్నాడు.

లోకంలో ఎక్కడైనా యూనిఫారం చూసేవాళ్ళు మాసినదాన్నీ చినిగినదాన్నీ పట్టుకుంటారు. ఆమె కొత్తదాన్ని పట్టుకునేది. చినిగినది కనపడితే ఆ పిల్లను గేటు వెనక్కి తీసుకుపోయి, ఇంకెవరికీ కనపడకుండా అడ్డం నిలబడి, సూదీ దారం తీసి ఒంటిమీదనే కుట్టేసేది. ఒంటిమీద గుడ్డ కుడితే దరిద్రం అంటారు కదా. ఎవరైనా పిల్ల ఆ మాట అంటే, "దరిద్రం ఉండబట్టే చినిగింది. ఇంగా కొత్తగా యాడినుంచి వస్తాది? కదలకుండా నిలబడు" అనేది. పూలు మాత్రం ఎన్ని పెట్టుకున్నా ఏమీ అనేది కాదు. పూలు దేవుడిచ్చినవి, గుడ్డలు అంగడాయన ఇచ్చినవి అని ఆమె లెక్క. ఆ మాట అన్నప్పుడల్లా నావైపు ఒక చూపు చూసేది.

ఆమె కూడా ఎప్పుడూ ఉతికి ఉతికి మెత్తబడిన చీరలే కట్టేది. దీపావళి మర్నాడు టీచర్లందరూ పట్టుచీరల్లో గరగరలాడుతూ వస్తే ఈమె మాత్రం రంగేదో అంచేదో తెలియని నూలుచీరలో గేటు దగ్గర ఉండేది. పెళ్ళి ఎందుకు చేసుకోలేదో, ఇంట్లో ఎవరున్నారో మాకు తెలియదు. మాకు ఆమె గేటు దగ్గర మొదలై గేటు దగ్గరే అయిపోయేది. ఒక్క సంగతి మాత్రం గేటు దాటి ఆమె వెంట వచ్చింది. చచ్చేదాకా ఆమె ఒక్క మనిషి కోసం ఎదురుచూసింది. అది మునిలక్ష్మి, నా బెంచీలో నా పక్కన కూర్చునే పిల్ల.

మునిలక్ష్మి ఆరో తరగతిలో చేరినరోజు నేనూ అదే వరసలో ఉన్నాను. వాళ్ళమ్మ మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో కాయలు చెక్కే కూలికి పోయేది. చేతులనిండా మామిడిసొన తగిలి కాలిన నల్లమచ్చలు ఉండేవి. పేర్లు రాసుకునే బల్ల దగ్గర ఆవేళ కుట్టు టీచరు కూర్చుని ఉంది. పుట్టినరోజు ఎప్పుడని అడిగితే ఆ తల్లి బిత్తరపోయింది.

"తెలీదమ్మా. గంగమ్మకు అంబలి పోసే కాలంలో పుట్టింది. ఆ పొద్దు తుంపర పడతా ఉన్నింది."

"అయితే ఆడినెల, ఆషాఢమన్నమాట" అని టీచరు నెల నడుమ ఒక తేదీ వేసింది. మునిలక్ష్మి గడ్డం పట్టుకుని, "నీకు పుట్టినరోజు నేను పెట్టినా మే. ఆ దినం మొదటి చాక్లెట్టు నాకే ఇయ్యాల. మర్సిపోతే ఊరుకోను" అంది. మునిలక్ష్మి అంత పెద్ద నవ్వు నవ్వడం నేను మళ్ళీ చూడలేదు.

పుట్టినరోజున రంగుబట్టలు వేసుకుని వచ్చి క్లాసంతా చాక్లెట్లు పంచడం కాన్వెంటుల్లో ఉండేది. అది మెల్లగా మా స్కూలుకూ అంటుకుంది. టీచరు దాన్ని మొదట్లోనే తుంచేసింది. అయినా తొమ్మిదో తరగతిలో నేను మొండికేశాను. నాది కూడా ఆడినెల పుట్టుకే. ఆకుపచ్చ చుడీదారు వేసుకుని పోయాను. గాజుకున్న పిన్నీసులు గలగలమన్నాయి. ఇంకేముంది, ఇంటికి! ఈసారి నాయన ఊరుకోలేదు. మోపెడ్ మీద నన్ను ఎక్కించుకుని నేరుగా గేటు దగ్గరికి వచ్చాడు.

"ఏం టీచరమ్మా, నా బిడ్డ నీకేం అడ్డమొచ్చింది?"

"బిడ్డ అడ్డం రాలేదన్నా. గుడ్డ అడ్డమొచ్చింది. పుట్టినరోజు అందరికీ వస్తాది. రంగుగుడ్డ అందరికీ రాదు. మీ పాప ఇట్ల వస్తే ఈ వరసలో ఉండే బిడ్డలు ఇంటికి పోయి అమ్మల పాణం తీస్తారు."

"అంటే ఉండేవాళ్ళు కూడా లేనోళ్ళ మాదిరి ఉండాల్నా?"

"గేటు లోపల ఉండేంతసేపు ఉండాల."

"ఈ పొద్దు అంగడోణ్ణని నన్ను నిలబెట్టినావు. రేపు పెద్దాఫీసరు కూతురొస్తే సలాం కొడతావు. నాకు తెలీదా!"

ఆమె మొహం ఎర్రబడింది. గొడుగు ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంది. "ఆఫీసరు కూతురొచ్చినా ఇదే మాట. కూలామె కూతురొచ్చినా ఇదే మాట. నా నోట్లోనించి ఇంగో మాట రాదు. ఈ బిడ్డలందరూ సాక్షి" అంది.

వరసలోని పిల్లలు చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా కొట్టింది మునిలక్ష్మి. నాకు ఒళ్ళు మండిపోయి వారందాకా దానితో మాట్లాడలేదు.

ఆడి తగ్గింపులు పెట్టిన రోజుల్లో మా అంగట్లో కాలు పెట్టడానికి చోటుండదు. ఆ సందట్లో ఒక సాయంత్రం మునిలక్ష్మీ వాళ్ళమ్మా వచ్చారు. మామిడి సీజను కూలి డబ్బులు చేతికొచ్చినట్టున్నాయి. నాయన ఒకటి తర్వాత ఒకటి తీసి పరిచాడు. మునిలక్ష్మి దేన్నీ ముట్టుకోలేదు. పై అరలో ఉన్న కనకాంబరం రంగు చుడీదారు వైపే చూస్తూ ఉంది, చేతుల కొసలకు సన్నగా జరీ ఉన్నది. వాళ్ళమ్మ అది గమనించి, "అదే ఇయ్యన్నా. పుట్టి బుద్దెరిగినాంక రంగుగుడ్డ తొడగలా నా బిడ్డ. పోనీ, ఈ యేడు తొడగనీ" అంది. నాయన మామూలు కంటే చాలా తగ్గించి ఇచ్చాడు. నేను కోపం మరిచిపోయి మునిలక్ష్మి చెవిలో గొణిగాను.

"స్కూలుకు ఏసుకోని వస్తావామే? టీచరు రానీదు."

"నన్ను రానిస్తాది. దినం పెట్టిందే ఆమె గదా."

"నన్ను పంపించలా?"

"ఆ రూలు మీ మాదిరోళ్ళకు మే" అంది మునిలక్ష్మి. ఎంత నమ్మకంగా అందో! నాకూ నిజమే అనిపించింది. ఒంటిమీద గుడ్డ కుట్టే చేయి తనను ఆపుతుందని ఆ పిల్ల ఎట్లా అనుకుంటుంది?

ఆ రోజు రానే వచ్చింది. సన్నగా తుంపర. మునిలక్ష్మి దూరంనుంచి వస్తుంటే వీధంతా దానివైపే చూసింది. తలనిండా కనకాంబరాలు, వాటి రంగే గుడ్డ. చేతిలో చాక్లెట్ల పొట్లం. గేటు దగ్గరికి వచ్చి, టీచరు నోరు తెరవకముందే ఆమె అరచేతిలో ఒక చాక్లెట్టు పెట్టేసింది.

"మొదటిది మీకే టీచర్."

టీచరు మొహంలో ముందు నవ్వే వచ్చింది. నేను చూశాను, ఎవరు కాదన్నా ఒప్పుకోను. తర్వాత ఆమె వరసవైపు చూసింది. వరసలో ఉన్నవాళ్ళందరం ఆమెనే చూస్తున్నాం. సాక్షులం కదా! ఎవరో వెనకనుంచి "మమ్మల్ని పంపించినారు గదా టీచర్" అన్నారు. ఆమె చేయి చాపి ఆ జరీ కొసను వేళ్ళమధ్య పట్టుకుంది. నలపలేదు. ఊరికే పట్టుకుని నిలబడింది.

"ఇంటికి పోయి యూనిఫారం ఏసుకోని రామ్మా."

"అది తడిగా ఉండాది టీచర్. ఈ పొద్దు పనిలేదని నిన్న ఉతికేస్తి. ఉండేది ఒకటే."

టీచరు ఆ జరీ కొస వదిలేసింది. "పోమ్మా. మార్చుకోని రాపో."

మునిలక్ష్మి ఏడవలేదు. చాక్లెట్ల పొట్లం రెండు చేతుల్తో గుండెకు పట్టుకుని వెనక్కి తిరిగింది. తుంపరలో ఆ కనకాంబరం రంగు వీధి మలుపుదాకా కనపడుతూనే ఉంది. టీచరు ఆరోజు మాకు కాజాలు నేర్పించలేదు. చాక్లెట్టు అరచేతిలో కరిగి కాగితం అంటుకుపోయినా పారేయలేదు.

మర్నాడు మునిలక్ష్మి రాలేదు. ఆ తర్వాతా రాలేదు. పోయి అడిగితే వాళ్ళ చెల్లెలు బయటికి వచ్చి "తలనొప్పంట" అనేది. అట్లాంటి ఇళ్ళలో ఆడపిల్ల చదువు మామూలుగానే ఒంటిపోగు దారం మీద ఉంటుంది. ఒక్కసారి లాగితే చాలు. ఆదివారం టీచరు మా ఇంటికి వచ్చి, "ఆ పిల్ల ఇల్లు నీకు తెలుసంట గదా, సూపిస్తువు రా" అంది.

ఫ్యాక్టరీ వెనక కాలనీలో వాళ్ళది కొట్టమిల్లు. వాళ్ళమ్మ గడపలో అడ్డంగా నిలబడింది. రమ్మనలేదు, కూర్చోమనలేదు. సొనమచ్చల చేతులతో పమిట నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడింది.

"దినం తెలీదంటే నువ్వే పెడితివి. నువ్వు పెట్టిన దినానికని గుడ్డ తెస్తి. నువ్వే తోలేస్తివి. వీధిలో అందరూ నవ్విరంట. యాడ దొంగిలించుకోని వచ్చినావే ఆ గుడ్డ అని అడిగిరంట, నీ బిడ్డలే. ఈ అంగడాయన బిడ్డను తోలేస్తే మోపెడ్ మీద నాయన వస్తాడు. నా బిడ్డను తోలేస్తే ఎవురొస్తారు?"

టీచరు చెప్పులు ఎప్పుడో విడిచేసింది. వట్టికాళ్ళతో ఆ బురదలో నిలబడి, లోపలి చీకటివైపు చూస్తూ అడిగింది.

"మునిలక్ష్మీ, నేనమ్మా. లోపలికి రావచ్చునా?"

లోపల దండెం మీద ఆ కనకాంబరం గుడ్డ వేలాడుతూ కనపడింది. మునిలక్ష్మి కనపడలేదు. చాలాసేపటికి గొంతు మాత్రం వచ్చింది.

"గుడ్డలు మార్చుకోని రమ్మను మా."

వాళ్ళమ్మే తత్తరపడి "ఏయ్, నోరుమూసుకో" అంది. టీచరు వద్దన్నట్టు చేయి ఊపింది. పిన్నీసులు గలగలమన్నాయి. చెప్పులు చేత్తో పట్టుకుని తిరిగి వచ్చేసింది. దారిలో నేనే ఉండబట్టలేక, "రూలు అందరికీ ఒకటే గదా టీచర్" అన్నాను, ఆమెను ఊరడిద్దామని.

"ఒకటేమే. ఈ రోడ్డు కూడా ఒకటే. నువ్వు చెప్పులేసుకోని నడిస్తివి. అది వట్టికాళ్ళతో నడిచింది" అంది. ఇల్లు వచ్చేదాకా కండ్లు తుడుచుకుంటూనే ఉంది. అంత పెద్దమనిషి రోడ్డుమీద ఏడుస్తుంటే ఎటు చూడాలో నాకు తెలియలేదు.

మునిలక్ష్మి మరి స్కూలుకు రాలేదు. మరుసటి సీజనుకు తల్లితోపాటు కాయలు చెక్కడానికి పోయింది. టీచరు గేటు దగ్గర నిలబడడం మానలేదు. కానీ గుడ్డ పట్టుకుని నలపడం మానేసింది. గొంతు పెంచడం మానేసింది. నేను పదోతరగతి అయిపోయి బయటికి వచ్చాక మా చెల్లెలు అదే స్కూల్లో చేరింది. అది ఒకరోజు గొప్ప రహస్యం కనిపెట్టినట్టు వచ్చి చెప్పింది.

"అక్కా, ఆడినెలలో ఒక దినం గేటు కాడ ఎవురూ ఉండరు. కుట్టు టీచరు ప్రతి ఏడూ ఆ పొద్దు లీవంట. పుట్టినరోజు ఎప్పుడైనా సరే, అందరూ ఆ పొద్దే రంగుగుడ్డలు ఏసుకోని పోతారు."

ఏ రోజని అడిగాను. చెప్పింది. నేను వంటింట్లోకి పోయి నిలబడ్డాను. ఆ పిల్లలకు అది పండగలాగా అయిపోయింది. ఎందుకు వచ్చిన పండగో వాళ్ళకు తెలియదు, నేనూ చెప్పలేదు.

లీవు పెట్టి ఆమె ఎక్కడికి పోయేదో నాయన ఒకసారి చూశాడు. మామిడి ఫ్యాక్టరీ గేటు బయట, షిఫ్టు వదిలే వేళకు గొడుగు వేసుకుని నిలబడి ఉందట. టోపీ లేకపోతే, పైకోటు లేకపోతే అక్కడ కూడా కాపలావాడు లోపలికి రానివ్వడు. ఆ టోపీల ఆడవాళ్ళ గుంపు బయటికి వస్తుంటే ఒక్కొక్క మొహమే చూస్తూ ఉందట. "మనిషి శానా చిక్కిపోయింది పాపా. ఆ పొద్దు నేను అంత మాట అనకుండా ఉండాల్సింది" అన్నాడు నాయన. అని చాలాసేపు గల్లా పెట్టె ఊరికే తెరుస్తూ మూస్తూ కూర్చున్నాడు.

ఆ తర్వాత మునిలక్ష్మిని పలమనేరు పక్క ఎక్కడో ఇచ్చి పెండ్లి చేశారని విన్నాం. టీచరు రిటైరైంది. ఏడాదికొకసారి మా అంగడికి వచ్చి, ఎవరూ కొనక ఎండ తగిలి రంగు దిగిన చీర ఏదైనా ఉంటే అడిగి తీసుకునేది. చీరకంటే ముందు ఆ ప్రశ్న వచ్చేది.

"మునిలక్ష్మి యాడుండాదో తెలిసెనా మే?"

"లేదు టీచర్."

"బాగుండాదా?"

"బాగానే ఉంటాది టీచర్" అనేదాన్ని, ఏమీ తెలియకుండానే. చివరిసారి వచ్చినప్పుడు మెట్టెక్కలేక కిందనే నిలబడింది. నేనే దిగి చీర చేతికిచ్చాను. నా చేయి పట్టుకుని, "నీకు కనపడితే చెప్పు మే. ఒకసారి వచ్చి పొమ్మన్నానని చెప్పు. ఏ గుడ్డలోనైనా సరే రమ్మను" అంది. చేతి గాజుకు అప్పటికీ ఒక పిన్నీసు ఉంది.

ఆ చావు కబురు విన్న మధ్యాహ్నం, ఎండలో లేతనీలం చీర తడిపి ఆరేస్తే ఇట్టే ఆరిపోయింది. మళ్ళీ తడిపాను, మళ్ళీ పిండాను. గంజి పోయిందా అని వేళ్ళమధ్య నలిపి చూసుకున్నాను. నలుపుతుంటే ఏడుపు ఆగలేదు. చావింటికి పోయి చీర తీస్తే ఆ మేనల్లుడు అడ్డం పడ్డాడు. "ఇదేందమ్మా, ఉతికిన గుడ్డ! పీనుగకు కొత్తది గదా కప్పాల?"

"కొత్తదేనన్నా. ఉతకనిది ఆమె ఒప్పుకోదు" అన్నాను. పక్కనున్న ఆడవాళ్ళు, మా స్కూలువాళ్ళే, ఒక్కసారిగా నవ్వారు. నవ్వుతూనే బావురుమన్నారు. ఆయనకేమీ అర్థం కాలేదు. సరే కప్పమన్నాడు.

కప్పి వచ్చి గాలికోసం వాకిట్లో గేటు దగ్గర నిలబడ్డాను. రోడ్డుకు అవతల ఎండలో ఒకామె నిలబడి ఉంది. పెద్దాసుపత్రిలో ఊడ్చేవాళ్ళు కట్టే నీలంచీర, దానిమీద ఖాకీచొక్కా. రాదు, పోదు. నేను చూస్తున్నానని చూసి మెల్లగా దాటి వచ్చింది. చేతులమీది సొనమచ్చలూ ముఖమూ చూశాక గానీ పోల్చుకోలేదు.

"మునిలక్ష్మీ!"

"ఈ మధ్యనే ఈడికి వచ్చి ఆసుపత్రిలో చేరినా. డ్యూటీలోనించి అట్నే వచ్చేస్తి మే. మళ్ళీ పోవాల." దాని కండ్లు నన్ను దాటి లోపలికి చూస్తున్నాయి. "మా వార్డులోనే ఏసినారు ఆమెను. నేను ఆ మంచం కింద ఊడుస్తానే ఉంటి. కండ్లు తెరిస్తే మాట్లాడదామనుకుంటి. తెరవలా. ఫ్యాక్టరీ గేటు కాడ గొడుగేసుకోని నిలబడుకోనుంటే ప్రతి ఏడూ తల తిప్పుకోనే పోతిని గదా మే. ఒక్క మాట మాట్లాడుంటే నా సొమ్మేం పోయుండు!"

కొంగుతో మొహం తుడుచుకుంది. తర్వాత ఖాకీచొక్కా గుండీలు సర్దుకుంది, చీర కుచ్చిళ్ళు సర్దుకుంది, మేమందరం ఒకప్పుడు వరసలో నిలబడి సర్దుకున్నట్టుగానే.

"ఈ పొద్దు యూనిఫారంలోనే వచ్చినా మే. ఇప్పుడన్నా లోపలికి రానిస్తాదా?"

గేటు తలుపు పట్టుకుని దారికి అడ్డంగా నిలబడి ఉన్నది నేనేనని అప్పుడు చూసుకున్నాను.

"ఏ గుడ్డలోనైనా సరే రమ్మనింది మే. నీకు చెప్పమనింది" అన్నాను. తలుపు బార్లా తెరిచి పక్కకు జరిగాను.